పసిఫిక్ తీరంలో ఇద్దరి కాంపర్ ట్రిప్: ఏ తీరం, ఏ బండి, రాత్రి ఎక్కడ

అమెరికా పడమటి తీరం వెంబడి కాంపర్‌లో వెళ్దామనుకునే జంటలు మొదట చూసేవి బండి ఫొటోలు. లోపల చక్కని పరుపు, చిన్న వంటగట్టు, వెనక తలుపులు తీస్తే ఎదురుగా సముద్రం. అవి చూసి బండి బుక్ చేసేస్తారు. దారి గురించి, రాత్రి ఆగే చోటు గురించి ఆ తర్వాత ఆలోచిస్తారు. ఈ వరుస మార్చమని నా సలహా. ముందు ఏ తీరమో తేల్చుకోండి, తర్వాత రాత్రుళ్లు ఎక్కడ పడుకోవచ్చో చూడండి, బండి సంగతి ఆఖరున. ఎందుకంటే ఈ తీరం పొడవునా కాంపర్‌కి ఒకేలా కుదరదు. ఒరెగాన్ తీరానికి కాంపర్ అన్నిటికన్నా బాగా నప్పుతుంది. కాలిఫోర్నియాలోని బిగ్ సర్‌కి మాత్రం మామూలు కారు, ఒక గది చాలు, అదే మేలు. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు, బిగ్ సర్ పేరే అంత పెద్దది. కారణాలు చెబుతాను, చదివి మీరే నిర్ణయించుకోండి.

ముందు తీరం ఎంచుకోండి

సియాటిల్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఒకే ఊపులో వెళ్లాలనే కోరిక సహజమే. కానీ దాన్ని తీరిగ్గా చూడాలంటే మూడు వారాలైనా కావాలి. తీరం రోడ్డు మీద గంటకు సగటున 35, 40 మైళ్లకు మించి సాగదు. మలుపులు, చిన్న ఊళ్లు, లారీలు, ప్రతి పది నిమిషాలకూ ఆగి చూడాలనిపించే వ్యూ పాయింట్లు ఉంటాయి. మ్యాప్‌లో నాలుగు గంటలని చూపించే దూరానికి రోజంతా పడుతుంది. వారం, పది రోజుల సెలవు మీద వెళ్లే ఉద్యోగస్తులు ఒక్క ముక్క ఎంచుకుని దాన్ని నిండుగా చూడడం మంచిది.

ఒరెగాన్‌లో హైవే 101 తీరం వెంబడి 363 మైళ్లు సాగుతుంది. ఈ తీరంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇక్కడి చట్టం. 1913లో ఆస్వాల్డ్ వెస్ట్ గవర్నర్‌గా ఉన్నప్పుడు సముద్రం ఒడ్డు తడి ఇసుకను రాష్ట్రం పబ్లిక్ రోడ్డుగా ప్రకటించింది. 1967లో టామ్ మెకాల్ గవర్నర్‌గా ఉండగా వచ్చిన బీచ్ బిల్లు పొడి ఇసుక మీద కూడా జనానికి హక్కు ఖాయం చేసింది. అందుకే ఇసుక మీదికి వెళ్తే ఇది మాది, పొమ్మనేవాళ్లు ఉండరు. తీరం పొడవునా కొద్ది మైళ్లకొక స్టేట్ పార్కు ఉంటుంది. వాటిలో చాలావాటికి క్యాంప్‌గ్రౌండ్ ఉంది. కరెంటు, నీళ్ల కనెక్షన్, వేడినీళ్ల షవర్లు ఉంటాయి, షవర్‌కి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఇద్దరు మనుషులు చిన్న వ్యాన్‌లో హాయిగా బతకడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చూడడానికి కూడా ఒరెగాన్ తక్కువ తినలేదు. ఉత్తరాన ఆస్టోరియా దగ్గర ఫోర్ట్ స్టీవెన్స్ పార్కు బీచ్‌లో 1906లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పీటర్ ఐర్‌డేల్ ఓడ ఇనుప అస్థిపంజరం ఇప్పటికీ ఇసుకలో నిలబడి ఉంది. క్యానన్ బీచ్‌లో 235 అడుగుల హేస్టాక్ రాక్ ఉంది. ఆటు సమయంలో దాని మొదట్లో నీటి గుంటలు తేలి వాటిలో నక్షత్ర చేపలు కనిపిస్తాయి, వసంతంలో, వేసవి మొదట్లో పైన పఫిన్ పక్షులు గూళ్లు పెడతాయి. న్యూపోర్ట్ దగ్గర 93 అడుగుల యాక్వినా హెడ్ దీపస్తంభం రాష్ట్రంలోకెల్లా ఎత్తైనది. ఇంకా కిందికి కేప్ పర్పెచువా అనే కొండకొస, 1894 నాటి హెసీటా హెడ్ దీపస్తంభం. ఫ్లోరెన్స్ నుంచి దక్షిణానికి దాదాపు 40 మైళ్లు ఇసుక దిబ్బలే. చివర్లో బ్రూకింగ్స్‌కి ముందు శామ్యూల్ బోర్డ్‌మన్ కారిడార్ అనే 12 మైళ్ల ముక్క వస్తుంది. నీళ్లలో నిలబడ్డ రాతి కమానులు, అడవి, చిన్న చిన్న గుప్త బీచ్‌లు ఉంటాయి. ఆ 12 మైళ్లకు ఒక పూట పూర్తిగా కేటాయించండి.

ఇక కాలిఫోర్నియా. హైవే 1 ఉత్తరాన లెగెట్ దగ్గర నుంచి దక్షిణాన డానా పాయింట్ దాకా దాదాపు 656 మైళ్లు. ఇందులో అందరూ కలలుగనేది బిగ్ సర్. 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన, సముద్రంలోకి జారే కొండలు, 1937లో తెరిచిన రోడ్డు. అందంలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ కాంపర్‌తో వెళ్లేవాళ్లకు అక్కడ మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది, రోడ్డు మూతపడడం. ఆ కొండలు తరచూ జారుతుంటాయి. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ సముద్రంలోకి జారితే రోడ్డు మళ్లీ తెరవడానికి 2018 జులై అయింది. 2021 జనవరిలో ర్యాట్ క్రీక్ దగ్గర రోడ్డే కొట్టుకుపోయింది. 2023, 2024లో మళ్లీ కొండచరియలు పడ్డాయి. అందుకే బిగ్ సర్ ప్లాన్ వేసే ముందు, బయల్దేరే రోజు పొద్దున కూడా అక్కడి రోడ్ల శాఖ క్యాల్‌ట్రాన్స్ వాళ్ల క్విక్‌మ్యాప్ (ఏ రోడ్డు మూసి ఉందో చూపించే ఆన్‌లైన్ మ్యాప్) చూసుకోవాలి. రెండోది, పడుకునే చోటు. క్యాంప్‌సైట్లు కొద్దే, అడిగేవాళ్లు వేలమంది. రోడ్డు పక్క బళ్లు ఆపుకునే పుల్‌ఔట్‌లలో రాత్రి ఆగడం నిషేధం, అర్ధరాత్రి తలుపు కొట్టి జరిమానా టికెట్ ఇస్తారు. మూడోది, చూడవలసిన కొన్ని చోట్లకు పెద్ద బండిని రానివ్వరు. ఫైఫర్ బీచ్‌కి దిగే సికమోర్ కాన్యన్ రోడ్డు సన్నం, దాని మీదికి ఆర్‌వీలకు (కాంపర్, మోటర్‌హోమ్ లాంటి బళ్లకు) ప్రవేశం లేదు. మాంటెరేలోనో క్యాంబ్రియాలోనో గది తీసుకుని కారులో ఒక రోజంతా తిరిగితే బిగ్ సర్‌ని టెన్షన్ లేకుండా చూడొచ్చు.

కాలిఫోర్నియా ఉత్తర కొస సంగతి వేరు. క్రెసెంట్ సిటీ నుంచి మెండొసీనో దాకా రెడ్‌వుడ్ అనే మహా ఎత్తైన చెట్ల అడవులున్న ఆ భాగానికి వ్యాన్ బాగా పనికొస్తుంది. హైవే 101కి సమాంతరంగా 31 మైళ్లు సాగే అవెన్యూ ఆఫ్ ద జయంట్స్‌లో నెమ్మదిగా వెళ్తూ ఎక్కడ పడితే అక్కడ ఆగొచ్చు. అయితే లెగెట్ నుంచి సముద్రం వైపు దిగే హైవే 1 ముక్క మాత్రం మహా వంకర. కారులో కడుపు తిప్పే అలవాటు ఇద్దరిలో ఎవరికున్నా ఆ ముక్క వదిలేయండి.

వాషింగ్టన్‌లో హైవే 101 చాలా దూరం సముద్రానికి లోపలగా వెళ్తుంది. రూబీ బీచ్, క్లేలాక్ దగ్గర కొద్ది మైళ్లు మాత్రమే నీటి పక్కన నడుస్తుంది. హో వర్షారణ్యం చూసి తీరవలసిన చోటే, కానీ అది ఒలింపిక్ పార్కు ట్రిప్‌గా విడిగా చేసుకోవడం నయం.

ఏ ముక్క తీసుకున్నా ఉత్తరం నుంచి దక్షిణానికి నడపండి. అలా వెళ్తే మీ లేన్ సముద్రం పక్కనే ఉంటుంది, వ్యూ పాయింట్లన్నీ కుడివైపు పడతాయి, ఎదురు ట్రాఫిక్‌ని కోసుకుంటూ ఎడమకు తిరగక్కర్లేదు. వేసవిలో గాలి కూడా ఎక్కువగా ఉత్తరం నుంచే వీస్తుంది. ఎత్తైన బండికి ఎదురుగాలి తప్పడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు బండి

బుక్ చేయడం ఆఖరునే అయినా, రకాలు ముందే తెలిసి ఉండాలి. అద్దెకు దొరికేవాటిని నాలుగు రకాలుగా చూడొచ్చు.

మొదటిది చిన్న వ్యాన్. మినీవ్యాన్‌లోనో తక్కువ ఎత్తు వ్యాన్‌లోనో వెనక మంచం, డిక్కీ తీస్తే వంటగట్టు. ఎస్కేప్ లాంటి కంపెనీల బళ్లు ఈ రకం. నడపడం కారంత సులువు, ఎక్కడైనా పార్క్ చేయొచ్చు, పెట్రోలు తక్కువ తాగుతుంది. లోపల నిలబడలేరు, టాయిలెట్ ఉండదు, వంట బయటే.

రెండోది ఎత్తు కప్పు వ్యాన్, అక్కడి వాళ్లు క్లాస్ బి అంటారు. 19 నుంచి 22 అడుగుల పొడవు, లోపల నిటారుగా నిలబడొచ్చు. కొన్నిట్లో చిన్న టాయిలెట్, షవర్ కలిసిన గది, హీటర్, ఫ్రిజ్ ఉంటాయి. మూడోది క్లాస్ సి, డ్రైవర్ సీటు మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన మంచంతో ఉండే 25, 30 అడుగుల మోటర్‌హోమ్. ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లే అనుకోండి. నాలుగోది అసలు కాంపర్ కాదు. మీ కారే తీసుకెళ్లి టెంటులోనో, మోటల్‌లోనో, ఒరెగాన్ పార్కుల్లో దొరికే యర్ట్‌లలోనో పడుకోవడం. యర్ట్ అంటే గుండ్రంగా, గట్టి గుడ్డతో కట్టిన గది. లోపల మంచాలు, కరెంటు, హీటర్ ఉంటాయి. మీ దుప్పట్లు మీరు తెచ్చుకోవాలి. టెంటంటే భయం, కాంపర్ అద్దె కట్టలేం అనుకునేవాళ్లకు ఇది బంగారం లాంటి మార్గం. ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

వెనక తగిలించుకుని లాగే ట్రైలర్ సంగతి చర్చించను. దాన్ని లాగే బండి కావాలి, వెనక్కి తీయడం నేర్చుకోవాలి. అద్దె ట్రిప్‌కి అది వద్దు.

ఇద్దరికీ క్లాస్ సి అవసరమా అని అడిగితే, చాలామందికి అవసరం లేదంటాను. గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది. ఎదురుగాలిలో ఊగుతుంది. రెండు వరుసల రోడ్డు మీద మీ వెనక కార్లు బారు కడతాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం వెనక అయిదు బళ్లు చేరితే పక్కకు తీసి దారివ్వాలి కూడా. చిన్న ఊళ్లో కాఫీకి ఆగాలన్నా పార్కింగ్ వెతకాలి. రెడ్‌వుడ్ అడవిలో హౌలండ్ హిల్ రోడ్డు అని ఒక మట్టిదారి ఉంది, చెట్ల మొదళ్ల మధ్య నుంచి దూరి వెళ్తుంది. మోటర్‌హోమ్‌లు, ట్రైలర్లు అటు రావద్దని పార్కు వాళ్లే చెబుతారు. చిన్న వ్యాన్ మాత్రం వెళ్తుంది. ఆ ఒక్క దారి కోసమైనా చిన్న బండికే నా ఓటు. కానీ ఒక మినహాయింపు ఉంది. ఇండియా నుంచి వచ్చిన అత్తమామల్ని, అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లాలంటే మారు మాట లేకుండా క్లాస్ సి తీసుకోండి. పెద్దవాళ్లకు రాత్రిపూట పది అడుగుల దూరంలో టాయిలెట్ ఉండడం అన్నిటికన్నా ముఖ్యం.

అసలు బండి ఎంపికంతా ఈ టాయిలెట్ ప్రశ్న దగ్గరే తేలుతుంది. మొగుడూపెళ్లాలు ముందు దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. రాత్రి రెండింటికి జాకెట్ వేసుకుని, టార్చి పట్టుకుని, చలిలో క్యాంప్‌గ్రౌండ్ బాత్రూమ్ దాకా నడవడం ఇద్దరికీ సమ్మతమేనా? నాకు ఇష్టం లేదు, మా ఆయనకు పట్టింపు లేదు. మా ఇంట్లో ఈ చర్చ చాలాసేపే నడిచింది. ఒక్కరికి అభ్యంతరం ఉన్నా చిన్న వ్యాన్ వదిలేసి ఎత్తు కప్పు వ్యాన్ తీసుకోండి. టాయిలెట్ ఉన్న బండితో పని కూడా వస్తుంది. మురుగు ట్యాంకు నిండాక డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లి, చేతికి గ్లవ్స్ వేసుకుని, గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు నీళ్లది వదలాలి. అప్పుడు ఆ నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. పది నిమిషాల పని. దీనికి ఇద్దరిలో ఎవరు సిద్ధమో కూడా బుక్ చేసేముందే తేల్చుకోవాలి.

మంచం సంగతి ఫొటోలో తెలియదు. కొన్ని బళ్లలో పగలు సోఫా, బల్ల, రాత్రి వాటినే విప్పి పరుపు పరచాలి. ప్రతి పూటా ఈ సర్దుడుకి ఓపిక ఉండదు. నాలుగు రాత్రుళ్లకు మించిన ట్రిప్ అయితే ఎప్పుడూ పరిచే ఉండే మంచం ఉన్న బండి చూడండి. మంచం అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా అని అడగండి. ఆరడుగుల మనిషికి అడ్డం మంచంలో కాళ్లు చాచుకోవడం కుదరదు. నిలువు మంచం అయితే ఒకరు లేవడానికి ఇంకొకరి మీంచి దాటక్కర్లేదు.

వంట, మన వంట

వంట చేసుకోవాలన్న ఆశతోనే చాలామంది తెలుగువాళ్లు కాంపర్ వైపు చూస్తారు. తీరంలో చిన్న ఊళ్లలో దొరికేవి ఎక్కువగా చేపలు, క్లామ్ చౌడర్ అనే ఆల్చిప్పల సూప్, బర్గర్లు. శాకాహారులకు మూడో రోజుకే నోరు చచ్చిపోతుంది. అయితే వ్యాన్ లోపల పోపు పెట్టకండి. ఎండుమిర్చి ఘాటు పరుపులకు, కర్టెన్లకు పట్టి ట్రిప్ అంతా పోదు. పొగ అలారం మోగుతుంది, అద్దె కంపెనీ క్లీనింగ్ ఫీజు కూడా వేయొచ్చు. క్యాంప్‌సైట్‌లో చెక్క బల్ల ఉంటుంది, పొయ్యి అక్కడ పెట్టుకోండి. ఈ కోణంలో వెనక వంటగట్టు ఉన్న చిన్న వ్యాన్ క్లాస్ సి కన్నా నయం, వంట ఎలాగూ బయటే.

కరెంటు హుకప్ (కనెక్షన్) ఉన్న సైట్ తీసుకుంటే బండిలో ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ పని చేస్తుంది. అన్నం, పప్పు, ఖిచిడీ అన్నీ అందులోనే. హుకప్ లేకపోతే గ్యాస్ పొయ్యే గతి. వ్యాన్ బ్యాటరీ ఫ్రిజ్‌కి, లైట్లకు సరిపోతుంది గానీ కుక్కర్‌కి చాలదు. ఇంటి దగ్గరే పులిహోర పేస్ట్, ఉప్మా మిక్స్, పోపు వేసిన కందిపొడి సిద్ధం చేసుకుంటే సగం పని తగ్గుతుంది. ఆవకాయ సీసాకి మూత గట్టిగా బిగించి, జిప్‌లాక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని డబ్బాలో పెట్టండి. మలుపుల్లో సీసా దొర్లిందంటే ఆ నూనె మరక అద్దె వ్యాన్ పరుపు మీద చూడాల్సి వస్తుంది. రాత్రి పడుకునేముందు తిండి పదార్థాలన్నీ బండి లోపల పెట్టి తలుపు వేయాలి, రకూన్లనే చిన్న అడవి జంతువులు బల్ల మీద ఏమీ మిగల్చవు.

కరివేపాకు గురించి తప్పక చెప్పాలి. ఒరెగాన్ నుంచి హైవే 101 మీద కాలిఫోర్నియాలోకి దిగగానే స్మిత్ రివర్ దగ్గర వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంటుంది. పళ్లు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. కరివేపాకు నిమ్మ జాతికి చెందినది. నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేసే ఒక చిన్న పురుగు దాని మీద బతుకుతుంది. అందుకే పచ్చి కరివేపాకు మీద అక్కడ ఆంక్షలున్నాయి. సరిహద్దు దాటేలోపు వాడేయండి, లేదా ఎండబెట్టి పొడి చేసుకుని వెళ్లండి. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. కట్టెలు కూడా ఒకచోట కొన్నవి ఇంకోచోటికి మోసుకెళ్లకండి. చెట్ల పురుగులు వాటితోపాటే ప్రయాణిస్తాయి. ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ, దగ్గరి ఊళ్లోనూ కట్టల లెక్కన అమ్ముతారు.

రాత్రి ఎక్కడ

స్టేట్ పార్కు, ప్రైవేటు పార్కు, ఊరికే ఆగే చోటు, ఇవీ మీకున్న మూడు దారులు. నా ఓటు స్టేట్ పార్కుకే. సైట్ల మధ్య చెట్లుంటాయి, పక్కవాళ్ల మాటలు మీ మంచం దాకా రావు, నడిస్తే బీచ్. కాలిఫోర్నియా, ఒరెగాన్ రెండింటిలోనూ ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, వాషింగ్టన్‌లో తొమ్మిది నెలల ముందు. జులై, ఆగస్టు శనివారాలు కావాలంటే తెరిచిన రోజు పొద్దున్నే కూర్చోవాలి. మా తత్కాల్ టికెట్ల అనుభవం ఇక్కడ బాగానే పనికొచ్చింది. ఆలస్యమైందని నిరాశ పడకండి, రద్దయిన సైట్లు రోజూ వెనక్కి వస్తుంటాయి. ఆది నుంచి గురువారం దాకా ప్లాన్ చేసుకుంటే చాలా తేలిక. ఒరెగాన్‌లో వేరే రాష్ట్రం వాళ్లు ఆర్‌వీ సైట్లకు 2022 నుంచి 25 శాతం అదనంగా కడుతున్నారు, లెక్కలో ఆ తేడా వేసుకోండి.

ప్రైవేటు పార్కుల్లో సైట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, అందం తక్కువ, కానీ బట్టలు ఉతికే మెషీన్లు, మంచి వైఫై, నమ్మకమైన షవర్లు ఉంటాయి. వారం ట్రిప్‌లో మధ్యలో ఒక రాత్రి అక్కడ ఆగితే బట్టల సమస్య తీరుతుంది. హార్వెస్ట్ హోస్ట్స్ అనే సభ్యత్వం తీసుకుంటే పొలాల్లో, ద్రాక్షతోటల్లో ఒక రాత్రి ఆగనిస్తారు. కానీ దానికి బండిలోనే టాయిలెట్, నీళ్ల ట్యాంకు ఉండాలి, చిన్న వ్యాన్‌తో కుదరదు.

ఎక్కడైనా రోడ్డు పక్క పడుకోవచ్చులే అనే ధైర్యంతో బయల్దేరొద్దు. రెస్ట్ ఏరియాల్లో కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లలో 8 గంటలు, ఒరెగాన్‌లో 12 గంటలు ఆగనిస్తారు. అది డ్రైవర్ అలసట తీర్చుకోవడానికి. కుర్చీలు వేసి వంట చేసుకునే చోటు కాదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోకి కాంపర్ తీసుకెళ్లడం అసలు వద్దు. అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకుపోవడం అక్కడ చాలాకాలంగా ఉన్న బెడద, ఎత్తు కప్పు బండి గ్యారేజీల్లో పట్టదు కూడా. ఊరి బయట పెట్టి బార్ట్ రైల్లో వెళ్లండి. దక్షిణ కాలిఫోర్నియా దాకా వెళ్లేవాళ్లకు ఒక మంచి మజిలీ ఉంది. మాలిబు తీరం నుంచి కాన్యన్ దారిలో కొండల్లోకి ఎక్కితే కాలబాసస్‌లో 1980లలో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి వస్తుంది. తీరం వదిలి అటు వెళ్లడానికి అరగంట చాలు.

డబ్బు లెక్క

రోజు అద్దె చూసి పోల్చకండి. అసలు ఖర్చు దాని పక్కన ఉంటుంది. మైలుకి ఇంత అని వసూలు చేస్తారా, రోజుకి కొన్ని మైళ్లు ఉచితమా? జెనరేటర్‌కి గంట లెక్క ఉందా? గిన్నెలు, దుప్పట్లు అద్దెలో కలిసే ఉన్నాయా? ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే ఎంత అదనం? ఇన్సూరెన్స్ మరీ ముఖ్యం. మామూలు కారు అద్దెకు మీ క్రెడిట్ కార్డు ఇచ్చే రక్షణ చాలావరకు కాంపర్‌లకు వర్తించదు. మీ కారు పాలసీ కూడా వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి వెబ్‌సైట్ల ద్వారా వ్యక్తుల దగ్గర అద్దెకు తీసుకుంటే బండి అందంగా ఉండొచ్చు, కానీ దారిలో చెడిపోతే ఎవరు చూస్తారో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

పెట్రోలు తేడా అంకెల్లో చూడండి. 800 మైళ్ల ట్రిప్‌కి 9 మైళ్లిచ్చే క్లాస్ సి దాదాపు 89 గ్యాలన్లు తాగుతుంది. 17 మైళ్లిచ్చే వ్యాన్‌కి 47 చాలు. దానికి క్లాస్ సి అద్దె, మైలు ఛార్జీ కలిపితే ఆ తేడాతో తీరంలోని మంచి హోటల్లో రెండు రాత్రులు గడిపేయొచ్చు. నిజం చెప్పాలంటే, కేవలం డబ్బు మిగల్చడానికే కాంపర్ అనుకుంటే లెక్క కుదరదు. వేసవిలో కాంపర్ అద్దె, సైట్ రుసుము, పెట్రోలు కలిపితే కారు, మోటల్ ఖర్చుకు దగ్గరగానే తేలుతుంది. కాంపర్ కొనిపెట్టేది వేరు. పొద్దున పరుపు మీంచి లేచి కాఫీ పట్టుకుని పది అడుగులు వేస్తే ఇసుక. దానికి విలువ ఉందనుకుంటేనే తీసుకోండి.

ఎప్పుడు

ఒరెగాన్‌కి జులై నుంచి సెప్టెంబర్. అందులోనూ లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాక మొదటి రెండు వారాలు నాకు ప్రాణం. స్కూళ్లు తెరుస్తారు, సైట్లు దొరుకుతాయి, వాన ఇంకా మొదలవదు. కాలిఫోర్నియా తీరానికి సెప్టెంబర్, అక్టోబర్ బాగుంటాయి. జూన్, జులైల్లో పొద్దంతా మంచు పొగ కప్పేసి పక్కనే ఉన్న సముద్రం కూడా కనపడదు. ఆగస్టులో కూడా ఈ తీరంలో సాయంత్రం స్వెటర్ కావాలి. నీళ్లు ఏడాది పొడవునా చల్లగానే ఉంటాయి, సూర్యలంకలో లాగా దిగి స్నానం చేసే సముద్రం కాదిది. ఒక్కసారిగా ఒడ్డు మీదికి దూకే స్నీకర్ వేవ్‌లు ఇక్కడ నిజంగానే మనుషుల్ని లాక్కుపోతాయి. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద కూర్చోకండి, అల వస్తే దుంగ కూడా దొర్లుతుంది. ఫొటో కోసం సముద్రానికి వీపు తిప్పి నిలబడకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే దారి

పోర్ట్‌లాండ్‌లో ఎత్తు కప్పు వ్యాన్ తీసుకోండి. రెండు గంటల్లో ఆస్టోరియా. అక్కడి నుంచి తీరం పట్టుకుని దక్షిణానికి, క్రెసెంట్ సిటీ దగ్గర రెడ్‌వుడ్‌లు చూసి, హైవే 199 మీద గ్రాంట్స్ పాస్, అక్కడి నుంచి ఐ-5 అనే పెద్ద హైవే మీద మళ్లీ పోర్ట్‌లాండ్. మొత్తం సుమారు 800 మైళ్లు. తీసుకున్న చోటే ఇస్తారు కాబట్టి వన్‌వే ఫీజు లేదు. ఎనిమిది, తొమ్మిది రోజులుంటే బాగుంటుంది.

మొదటి రాత్రి ఫోర్ట్ స్టీవెన్స్‌లో ఆగండి. అది చాలా పెద్ద క్యాంప్‌గ్రౌండ్, బండి కొత్తగా నడిపేవాళ్లకు తిప్పుకోవడానికి చోటుంటుంది. వెలుతురు ఉండగానే చేరండి, పొయ్యి, హీటర్, మంచం, నీళ్ల పంపు అన్నీ ఆ రాత్రే పనిచేయించి చూడండి. ఏదైనా పాడైతే పోర్ట్‌లాండ్ ఇంకా దగ్గరే. తర్వాత న్యూపోర్ట్ దగ్గర సౌత్ బీచ్‌లో రెండు రాత్రులు, ఫ్లోరెన్స్ దగ్గర హనీమన్ పార్కులో ఒకటి, బ్యాండన్ దగ్గర బుల్లార్డ్స్ బీచ్‌లో ఒకటి, బ్రూకింగ్స్‌లోని హ్యారిస్ బీచ్‌లో రెండు. రోజూ చోటు మారిస్తే సగం సమయం సర్దుకోవడానికే పోతుంది, అందుకే కొన్నిచోట్ల రెండేసి రాత్రులు పెట్టాను. హ్యారిస్ బీచ్ నుంచే బోర్డ్‌మన్ కారిడార్ చూడండి. మీ ఇద్దరిలో నడక ఇష్టపడేవాళ్లు పొద్దున్నే ఆ పని పెట్టుకోవాలి, మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది. మరుసటి రోజు సరిహద్దు దాటి జెడిడయా స్మిత్ పార్కులో హౌలండ్ హిల్ రోడ్డు, స్టౌట్ గ్రోవ్ అనే రెడ్‌వుడ్ తోపు. మట్టిదారి కాబట్టి అద్దె ఒప్పందంలో అటువంటి రోడ్లు అనుమతిస్తారో లేదో బండి తీసుకునే రోజే అడిగి పెట్టుకోండి. అనుమతి లేకపోతే అదే పార్కులోని క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగండి. అక్కడా చుట్టూ రెడ్‌వుడ్ చెట్లే.

తిరుగు రోజున ఐ-5 మీదికి ఎక్కేముందే ట్యాంకులు ఖాళీ చేసుకోండి. ఊళ్లోకి వచ్చాక డంప్ స్టేషన్ వెతకడం చిరాకు. ఖాళీ చేయకుండా ఇస్తే కంపెనీలు గట్టిగానే వసూలు చేస్తాయి. పెట్రోలు, ప్రొపేన్ ఎంత ఉన్నప్పుడు తీసుకున్నారో అంతకు నింపి, బండి నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీసుకుని తాళాలు ఇవ్వండి.